ఎవరూ తీసుకుపోని కోటు

ట్రంకు పెట్టెలో ఉన్నదంతా నేలమీదికి వచ్చేసింది. ఆఫ్తాబ్ ఖాళీ పెట్టెను బోర్లించి అడుగు తట్టాడు. తుప్పు రాలింది తప్ప ఇంకేమీ రాలలేదు.

"ఈడా లేదు," అన్నాడు.

రేషను కార్డు ఉంది. అమ్మానాన్నల పెళ్ళినాటి నిఖానామా ఉంది. చెల్లెలు రుహీకి చిన్నప్పుడు వేయించిన టీకాల కార్డు కూడా ఉంది. అతని పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు పెట్టిన బ్రౌన్ కవరు ఒక్కటే లేదు.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. ముందు టైలరు కొట్టు, మధ్యలో పూల కర్టెను, వెనక రెండు గదులు. ఇంత చిన్న కొంపలో కవరు మాయం కావాలంటే దానికి కాళ్ళన్నా రావాలి, లేదా ఎవరి చెయ్యన్నా పడాలి. కవర్లకు కాళ్ళొచ్చిన సంగతి చిత్తూరులో ఇంతవరకూ ఎవరూ వినలేదు.

గుమ్మంలో కూర్చుని వహీదున్నీసా చొక్కాలకు కాజాలు కుడుతోంది. పొద్దున్నుంచి కొడుకు ఇల్లు తిరగేస్తుంటే ఆమె తలెత్తి చూడలేదు.

"అమ్మీ, నువ్వు చూసినావా?"

"సూళ్ళేదని నాలుగుసార్లు చెప్పినా. ఐదోసారి అడిగితే సూసినానని చెప్తానా?"

"రేపు సాయంత్రం తిరుపతిలో బండెక్కాల. సోమవారం ఎనిమిదికి గుంటూరులో ఉండాల. ఒరిజినల్స్ లేకుంటే గేటు లోపలికి రానియ్యరు."

"ఆ గేటు లోపలికి పోతే మళ్ళా నిన్ను బయటికి రానిస్తారా?"

"నాలుగేండ్లే కదమ్మీ!"

"నాలుగేండ్లకు నూరుమందిలో డెబ్బై అయిదుమందిని ఇంటికి పంపిస్తారంట. నేనేం పేపరు సదవనా? పాతికేండ్లకు పెట్టె నెత్తిన పెట్టుకోని వస్తే మళ్ళా యాడ మొదలుపెడతావు?"

"మిగతా పాతికమందిలో నేనుంటా."

"ఉంటే ఇంకా మేలు! నీ మొగం పండక్కి ఫోన్లో సూసుకుంటా కూర్చుంటా." సూది గుడ్డలోకి దిగింది. "టెరిటోరియల్ ఆర్మీకి ఏం రోగమొచ్చింది? అదీ సైన్యమే కదా? అదే డ్రెస్సు, అదే తుపాకి. ఏడాదిలో రెండు నెల్లు పొయ్యొస్తావు, పది నెల్లు మీ అబ్బ పక్కన కూర్చుంటావు. మీ నియాజ్ మామూ లేడా?"

"అది సగం సైన్యం అమ్మీ."

"నాకు సగం కొడుకు వద్దు."

ఆఫ్తాబ్ పెట్టెలోకి సామాన్లు విసిరినట్టుగా వేయడం మొదలుపెట్టాడు.

అతని జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి అగ్నివీరుగా సోమవారం గుంటూరుకు రమ్మంటుంది. మూడేళ్ళు తెల్లవారకముందే లేచి పరుగెత్తి, రెండు భర్తీ ర్యాలీల్లో ఓడి, మూడోదాంట్లో సంపాదించుకున్న కాగితం అది. వచ్చే ర్యాలీనాటికి అతనికి వయసు దాటిపోతుంది. రెండోది బుధవారం కోయంబత్తూరుకు రమ్మంటుంది, టెరిటోరియల్ ఆర్మీకి. రెండుచోట్లా అసలు సర్టిఫికెట్లే అప్పగించాలి. ఒకచోట ఇచ్చినవాడికి రెండోచోట ఇవ్వడానికి ఏమీ మిగలదు.

పూర్తి సైన్యం కోసం అంత ప్రాణం పెట్టినవాడు ఆ రెండోదానికి అసలెందుకు దరఖాస్తు పెట్టుకున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఇంట్లో ఇంకొక్కడే ఉన్నాడు. ఆయన ఆఫ్తాబ్ తండ్రి, కర్టెను అవతల మిషను తొక్కుతున్నాడు.

అబ్దుల్ సత్తార్ మాస్టరు కొట్లో ఒక కట్టుబాటుంది. ఎంతమంది కుట్టినా కత్తెర పట్టేది మాస్టరు ఒక్కడే. ఆయన కత్తిరిస్తేనే భుజం భుజంలా కూర్చుంటుందని ఊరి నమ్మకం. అయితే రంజాను ముందునుంచీ మాస్టరు చెయ్యి వణుకుతోంది. అప్పటినుంచీ రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, షట్టరు సగం దించి, గుడ్డంతా కత్తిరిస్తున్నది ఆఫ్తాబ్. తొమ్మిదింటికి షట్టరు పైకి లేస్తుంది, మాస్టరు కత్తెర పక్కన నిలబడతాడు. తండ్రీకొడుకులు ఈ సంగతి ఒకరితో ఒకరు కూడా మాట్లాడుకోలేదు. ఇక వహీదున్నీసాకు ఎవరు చెబుతారు?

"బెంగపడొద్దులేరా. బుధవారానికల్లా యాడో ఒకచోట దొరుకుతాయి," అంది ఆమె, ఈసారి మెత్తగా.

అల్మారా దులుపుతున్న రుహీ చెయ్యి ఆగింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లకు అన్నం తిన్న సంగతి గుర్తుండదుగానీ ఎవరేమన్నారో అక్షరం పొల్లుపోదు.

"బుధవారానికని ఎట్ల చెప్తాండావమ్మీ? అన్న పోవాల్సింది సోమవారానికి కదా?"

"నోటికొచ్చింది అనేసినా. నువ్వేమన్నా లాయరువా?"

ఆఫ్తాబ్ తల్లివైపు చూశాడు. ఆమె దారం పళ్ళతో కొరికి ఇంకో చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. కర్టెను అవతల మిషను చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

అంతలో కొట్లోంచి, "సలాం భాయ్," అని వినిపించింది. వహీదున్నీసా మొహం విప్పారింది. తమ్ముడు నియాజ్!

"ఇదిగో, వచ్చినాడు సూడు మీ మామూ. పదకొండేండ్లుగా టెరిటోరియల్‌లో ఉండాడు. తిరుపతిలో ఆటో తోలుకుంటా, పిల్లోళ్ళను బడికి దింపుకుంటా, రాజాలాగ ఉండాడు. ఆయన్నే అడుగు."

నియాజ్ కర్టెను తొలగించుకుని లోపలికి వచ్చాడు. నేలమీద సామాన్లు చూసి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ ఒంటిమీద ఉండే ఆటోవాళ్ళ ఖాకీ చొక్కా లేదు. చేతిలో బరువైన సంచి ఉంది.

"ఆటో యాడ పెట్టినావురా?" అంది అక్క.

"తేలేదు ఆపా. బస్సులో వచ్చినా. ఆటో మా స్టాండులో అమర్‌నాథ్‌కు అప్పజెప్పినా."

"ఎన్నాళ్ళకు?"

"తెలీదు."

"తెలీదంటే?"

నియాజ్ సంచి కింద పెట్టాడు. "పిలుపొచ్చిందాపా. బెటాలియన్ మొత్తాన్ని రమ్మన్నారు. మంగళవారం రిపోర్టు చెయ్యాల. నీకు చెప్పి పోదామని వచ్చినా."

"ట్రైనింగు మొన్ననే కదరా అయ్యింది? రెండు నెల్లూ పొయ్యొస్తివి కదా?"

"ఇది ట్రైనింగు కాదు. డ్యూటీ. బార్డరుకు."

"రెండు నెల్లకేనా?"

"వదిలేదాకా. ఏడాదో, రెండేండ్లో. పిలిచినాక రెగ్యులరు, టెరిటోరియలు అని తేడా ఉండదాపా. అందరూ ఒకే లైన్లో నిలబడాల."

వహీదున్నీసా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "అట్ల పిలవరని కదరా నువ్వు నాకు చెప్పింది? పదకొండేండ్లలో ఒక్కసారన్నా పిలిచినారా?"

నియాజ్ తల దించుకున్నాడు. మనిషి మంచివాడే. మంచివాళ్ళు ఆడే అబద్ధాలే ఎక్కువకాలం బతుకుతాయి, ఏం చేద్దాం!

"పిలిచినారాపా. చేరిన మూడో ఏడు. రెండేండ్లు."

"ఎప్పుడు? మూడో ఏడు నువ్వు బెంగుళూరులో కారు నడుపుతాంటివి కదా!"

"బెంగుళూరు కాదు. కాశ్మీరు."

వహీదున్నీసా సూదిని గుడ్డలోనే వదిలేసింది.

"ఆదివారం ఆదివారం ఫోన్ చేసి బెంగుళూరులో వాన పడతాండాదని చెప్పినావు కదరా!"

"అప్పుడు అమ్మ మంచంలో ఉండె. నీకు చెప్తే ఆమెకు తెలిసిపోతాదని…"

"నోరు మూసుకో." వహీదున్నీసా చెయ్యి అడ్డం పెట్టింది. "నీ మాట నమ్మి నేను… నీ మాట నమ్మి, నా కొడుకును…"

వాక్యం పూర్తి చెయ్యకుండానే లేచింది. ఒళ్ళోని చొక్కా, సూదిపెట్టె కింద పడ్డాయి. సూదులు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. వాటిని తొక్కుతానేమోనని కూడా చూసుకోకుండా కర్టెను పక్కకు లాగి కొట్లోకి నడిచింది. వెనకాలే అందరూ నడిచారు.

కొట్లో వెనక గోడకు ఒక ఇనుప కడ్డీ ఉంది. కుట్టి ఎవరూ తీసుకుపోని బట్టలు దానికి వేలాడతాయి. అలాంటి కడ్డీ లేని టైలరు కొట్టు ఉండదు. ఒకడు ఊరు మారిపోతాడు, ఒకడు మరిచిపోతాడు. వాటిలో చివరిది మునిశేఖర్ అనే పలమనేరు అబ్బాయి నిశ్చితార్థం కోసం కుట్టించుకున్న నల్ల కోటు. ఆ సంబంధం ముందురోజే తప్పిపోయింది. ఆ తర్వాత అతను ఈ వీధిలో కనబడలేదు. రెండేళ్ళుగా ఆ కోటు దుమ్ముకొట్టుకుని అక్కడే ఉంది.

ఇప్పుడు అక్కడ ఖాళీ హ్యాంగరు ఊగుతోంది.

"కోటేదీ?" అంది వహీదున్నీసా.

"ఏ కోటమ్మీ?"

"ఆ నల్ల కోటురా! పలమనేరాయనది!"

"మునిశేఖరన్నదా? పొద్దున వచ్చి తీస్కపోయినాడు. మళ్ళా సంబంధం కుదిరిందంట. రేపు లగ్గం. నేనే ఇస్త్రీ చేసి ఇస్తి."

వహీదున్నీసా కటింగ్ బల్ల పట్టుకుని నిలబడింది.

"యా అల్లా! రెండేండ్లు రానోడు ఈ పొద్దే రావాల్నా!"

"ఏమైందమ్మీ?"

"అందులోనే పెట్టినాను." ఆమె ఎవరివైపూ చూడలేదు. "ఎదమీద లైనింగు విప్పి, లోపలి కాన్వాసు గుడ్డ వెనకాల నీ కాయితాలు పరిచి, మళ్ళా కుట్టేసినా. ఆ కోటుకు ఎవ్వరూ రారు కదా అనుకున్నా. సోమవారం దాటినాక తీసిచ్చేద్దామనుకున్నా. నువ్వు కోయంబత్తూరుకు పోతావు, రెండు నెల్లకు వచ్చేస్తావు అనుకున్నా. ఈయన బెంగుళూరులో వాన పడతాండాదంటే నమ్మినట్టే, అదీ నమ్మినా."

ఆఫ్తాబుకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు పరుగెత్తిన పరుగంతా మునిశేఖర్ ఛాతీమీద కూర్చుని పలమనేరు బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ కోటును ఆఫ్తాబ్ తన చేత్తోనే ఇస్త్రీ చేశాడు. చేస్తున్నప్పుడు ఎడమవైపు లైనింగు కుట్టు వంకరగా ఉందని కూడా చూశాడు. కొట్లో చేతికుట్టంతా అమ్మదే, ఆమె కుట్టు ఇంత వంకరగా ఉండదే అని ఒక్క క్షణం అనుకున్నాడు, అంతే.

"నేను దొంగతనం చేసి యాడికన్నా పోతాండానా అమ్మీ? సైన్యానికి కదా పోతాండేది! నాతో కొట్లాడొచ్చు కదా. తిట్టొచ్చు కదా. కాయితాలు ఎత్తిపెడతావా?"

"తిడితే ఆగుతావా?"

"ఆగను!"

"అందుకే ఎత్తిపెట్టినా!"

రుహీ ఫోను తీసి మునిశేఖర్ నంబరు వెతకసాగింది. నియాజ్, "నేను పలమనేరు పోతాను, ఇప్పుడే బస్సుండాది," అని సంచి అందుకున్నాడు.

"ఎవరూ యాడికీ పోవద్దు," అన్నాడు అబ్దుల్ సత్తార్.

మిషను ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. ఆయన కూర్చున్నచోటనే మిషను సొరుగు లాగాడు. బాబిన్ల డబ్బా తీసి పక్కన పెట్టాడు. దానికింద నుంచి బ్రౌన్ కవరు తీసి బల్లమీద పెట్టాడు.

"పోయింది కోటే. కాయితాలు ఈడే ఉండాయి."

వహీదున్నీసా రెండు చేతులతో నోరు కప్పుకుంది. కవరు అందుకోబోయిన ఆఫ్తాబ్ చెయ్యి సగంలోనే ఆగింది.

"గురువారం మునిశేఖర్ ఫోన్ చేసినాడు. ఒళ్ళు వచ్చిందంట, నడుం వదులు చెయ్యమన్నాడు. చేస్తాంటే ఎదమీద చెయ్యి తగిలింది. రెండు పొరలు ఏసి కుట్టిన కోటు మూడు పొరలు పలికితే నాకు తెలీదా? విప్పి సూసినా. కుట్టు సూస్తే మీ అమ్మదే. కాయితాలు తీసుకోని, నాకు చేతనైనట్టు మళ్ళా మూసినా."

ఆ వంకర కుట్టు ఎవరిదో ఆఫ్తాబుకు అప్పుడు తెలిసింది.

"గురువారమా?" అన్నాడు. "ఈ పొద్దు శనివారం అబ్బా. పొద్దున్నుంచి నేను కుక్కలాగ వెతుకుతాంటే నువ్వు ఈడ కూర్చోని మిషను తొక్కుతాండావు."

"ఊఁ."

"అమ్మీ సంగతి సరే. నువ్వెందుకు?"

సత్తార్ కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. తుడిచినంతసేపూ తుడిచాడు.

"నాకూ ఆశ ఉండె. సోమవారం దాటిపోతే సాలని నేనూ అనుకున్నా. మీ అమ్మ దాచింది, నేను కాదు కదా అని మనసుకు చెప్పుకున్నా." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కానీ ఆమె నీకోసం దాచింది. నేను నాకోసం దాచినా. అది నాకు తెలుసు, నీకు తెలుసు."

"ఏం తెలుసు?" అంది వహీదున్నీసా. "మీ ఇద్దరికీ తెలిసి నాకు తెలీనిదేంది?"

సత్తార్ బాబిన్ల డబ్బాను మళ్ళీ సొరుగులో పెట్టాడు.

"ఆఫ్తాబ్, నిన్నే! గుంటూరు గుంటూరు అని కలవరించేవోడివి, కోయంబత్తూరుకు ఎందుకు పెట్టుకున్నావురా? నేను చెప్పకముందే పెట్టుకున్నావు కదా?"

ఆఫ్తాబ్ చూపు తండ్రి చేతులమీదికి పోయి వెంటనే పక్కకు తప్పుకుంది. కానీ సత్తార్ చూశాడు.

"నాకోసం ఎవురూ సగం సగం బతకాల్సిన పనిలేదు," అంటూ లేచాడు. "గుంటూరుకు పో. ఈ కొట్టు నువ్వు పుట్టకముందు పెట్టినా. నువ్వు లేకున్నా నడుస్తాది. సూడు."

కటింగ్ బల్లమీద బడిపిల్లల చొక్కాల గుడ్డ ఎనిమిది మడతలు పరిచి ఉంది. ఫజర్ అయ్యాక ఆఫ్తాబ్ సుద్దతో గీతలు గీశాడు. కవరు కనబడక వెతకడంలో పడి కత్తిరించలేదు. సత్తార్ పెద్ద కత్తెర తీసుకున్నాడు.

"అబ్బా, వద్దు."

"పక్కకు జరుగు."

మొదటి జానెడు బాగానే తెగింది. సత్తార్ పెదాలు బిగించాడు. చంక వంపు దగ్గరికి వచ్చేసరికి మణికట్టు అదిరింది. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని అదిమిపట్టాడు. కత్తెర ఒక్కసారిగా గీత దాటి ఛాతీ మధ్యలోకి పోయింది. ఎనిమిది మడతలూ తెగాయి.

అప్పుడు కూడా కత్తెర వదల్లేదు. అది గుడ్డలోనే టకటక కొట్టుకుంటోంది.

వహీదున్నీసా నెమ్మదిగా వెళ్ళి ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఇద్దరి చేతులూ కలిసి వణికాయి.

"ఎన్నాళ్ళనుంచీ?"

"రంజాను ముందునుంచీ," అన్నాడు ఆఫ్తాబ్.

"మరి ఇన్నాళ్ళూ… బక్రీదు బట్టలు? బడి చొక్కాలు? నేను కాజాలు కుట్టినవన్నీ?"

ఆఫ్తాబ్ చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. చెడిన మడతలు పక్కకు తీసి కొత్త గుడ్డ పరిచాడు. అలవాటుగా షట్టరు సగం దించడానికి గుమ్మంలోకి నడిచాడు.

"దించొద్దు," అన్నాడు సత్తార్. "తెరిచే ఉండనీ."

"వీధిలో అందరూ చూస్తాండారబ్బా."

"సూడనీ. ఈ బొంకు సాలు."

తండ్రి కత్తెరను పిడి ముందుకు పెట్టి అందించాడు. ఆఫ్తాబ్ తీసుకున్నాడు. ఎదురుగా టీ అంగడి వరదయ్య గ్లాసు కడగడం ఆపి చూస్తుండగా, పట్టపగలు, షట్టరు పైకి లేపిన కొట్లో సత్తార్ మాస్టరు కొడుకు ఎనిమిది మడతలు ఒక్క ఊపున కత్తిరించాడు. చంక వంపు గీతమీదే తిరిగింది. సత్తార్ కళ్ళలో నీళ్ళు నిండాయి. అవి గర్వంతో వచ్చినవో అవమానంతో వచ్చినవో ఆయనకే తెలియలేదు.

కత్తెర కింద పెట్టి ఆఫ్తాబ్ కవరు కోసం చూశాడు. బల్లమీద లేదు.

వహీదున్నీసా చేతిలో ఉంది.

"ఇది దాచింది నేను. ఇచ్చేది కూడా నేనే," అంది. ఏడవడం లేదు. "మీ మామూ నాకు అబద్ధం చెప్పినాడు. మీ అబ్బ చెప్పినాడు. నువ్వూ చెప్పినావు. నేనూ తక్కువదాన్ని కాదు, నేనూ చెప్పినా. ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్క నిజం కావాల నాకు."

"అమ్మీ…"

"గుంటూరా? కోయంబత్తూరా? ఈ బల్లా? మీ అబ్బ చేతులు సూడొద్దు. నా మొగం సూసి, నీకేం కావాలో చెప్పి తీస్కో. ఏది చెప్పినా ఇస్తా. అల్లామీద ఒట్టు."

ఆమె కవరు ముందుకు చాచింది.

ఆఫ్తాబ్ తల్లి మొహం చూశాడు. చూడొద్దన్నా చూపు తండ్రి చేతులమీదికి పోయింది. మళ్ళీ తల్లి మొహం చూశాడు. చెయ్యి చాచి కవరు అంచు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. మాట కోసం చూస్తోంది.

మూడేళ్ళుగా ప్రతి తెల్లవారుజామునా పరుగెత్తుతూ లోలోపల వెయ్యిసార్లు చెప్పుకున్న గుంటూరు అనే ఆ ఒక్క ఊరి పేరు, ఇప్పుడు అతని నోట్లోంచి రాలేదు.